శుక్రవారం సంతకం

పోస్టాఫీసు కిటికీ దగ్గర
శుక్రవారం సాయంత్రం సంతకం పెట్టాను.
వెనక వరుసలో ఎవరో దగ్గుతున్నారు,
బయట ట్రాము గంట కొడుతోంది.
కవరు సంచిలో పడేసుకుని
హెర్రింగ్ చేపలు అయిపోకముందే బజారుకి పరిగెత్తాను.

సోమవారం విప్పాను.
డైరీలో సోమవారం నుంచే పద్నాలుగు గళ్ళు గీశాను.

ఇంతే జరిగింది.
ఎవరైనా అడిగితే ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఒతీలియా శ్విదెర్స్కా బొత్తాలు చేస్తుంది.
మా వూచ్ నగరంలో బట్టల మిల్లులన్నీ మూతపడి
మాల్సూ ఫ్లాట్లూ అయిపోయాక కూడా
ఆమె పెరటి గదిలో ఒక ప్రెస్సు దడదడమంటూనే ఉండేది.
కొమ్ము బొత్తాలు, ముత్యపుచిప్ప బొత్తాలు,
నాటకాల వాళ్ళ దుస్తులకి వేలిగోరంత ఇత్తడివి.
చిప్ప అమ్మినవాడు ఒకరోజు దుకాణం ఎత్తేశాడు.
వాడే లేడు కనక సరుకే రాలేదంది పన్నుల శాఖ.
నాలుగేళ్ళది వెనక్కి కట్టమంది, వడ్డీతో.

సరుకు వచ్చింది. నేను చూశాను.
లారీ డ్రైవరు సంతకాలు, తూకం చీటీలు,
తడిసి ఆరి అప్పడాల్లా అయిన రసీదులు,
గుప్పెడు చిప్ప తునకలు,
అన్నీ ఒక చెప్పుల డబ్బాలో సర్ది తెచ్చి
"ఇది చాలుతుందా?" అంది.
"ఎక్కువే" అన్నాను.

పదకొండు పేజీల అప్పీలు.
ముప్ఫై ఒక్కేళ్ళ వృత్తిలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు.
పద్నాలుగో గడిలో, సోమవారం, ఐదూ నలభైకి,
అదే కిటికీలో ఇచ్చి ముద్ర వేయించుకుని
ఇంకా ఇరవై నిమిషాలు మిగిలాయని మురిసిపోయాను.

జవాబు ఒకటిన్నర పేజీ.
గడువు శుక్రవారంతో తీరింది.
మూడు రోజులు ఆలస్యం. పరిశీలించడం లేదు.
అబద్ధమనలేదు. నిజమనీ అనలేదు.
డబ్బా మూతే తియ్యలేదు.

ఆ రాత్రి వేళ్ళ కణుపుల మీద మళ్ళీ లెక్కపెట్టాను.
చూపుడువేలు నుంచి, చిటికెనవేలు నుంచి.
ఎటు నుంచి వచ్చినా
శుక్రవారం నా సంతకం దగ్గరే ఆగింది,
వంకర కూడా లేకుండా, చక్కటి దస్తూరీతో.

గడువు తిరిగిమ్మని అడగొచ్చు, ఏడు రోజుల్లోపు,
తప్పు మనది కాదని చూపిస్తే.
వకాల్తా నాకు రాసిచ్చింది గనక
నా తప్పు ఆమె తప్పేనట.
నా పరధ్యానం ఆమె ఖాతాలో ఖర్చు.

మా బావమరిది జెనోన్ డాక్టరు.
ఆ మూడు రోజులూ నాకు ఒళ్ళు తెలియని జ్వరమని
అడక్కుండానే రాసిచ్చాడు.
జేబులో పెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను.

అంతా విన్నది. ప్రెస్సు ఆపలేదు.
నా కోటు వైపు చూసి "విప్పండి" అంది.
రెండో బొత్తాం ఒంటి దారం మీద వేలాడుతోంది.
సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది:
"నా కాగితాలు దొంగవి కావని చెప్పడానికేగా ఇదంతా?
మరి ఆ జేబులోది?"

పళ్ళతో దారం తెంపింది.

ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను:
లెక్క తప్పాను, నేనే, ఆమె కాదు.
అక్కర్లేదన్నారు. వాళ్ళు మాత్రం వేళకే జవాబిచ్చారు.

మార్చిలో ప్రెస్సు జప్తు చేశారు.
నలుగురు మోశారు, గుమ్మం చెక్క ఒకటి విరిగింది.
ఆమె ఇప్పుడు ఆసుపత్రి లాండ్రీలో
రోగుల చొక్కాలకి ఊడిన బొత్తాలు కుడుతోంది,
ప్లాస్టిక్‌వి, అన్నీ ఒకటే సైజు.

నిన్న నా బీమా కంపెనీ ఉత్తరం వచ్చింది,
నష్టపరిహారం గురించి.
ముప్ఫై రోజుల్లో బదులివ్వాలట.
ఎప్పటి నుంచి ముప్ఫై?
కవరు తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాను.

చెప్పుల డబ్బా నా బీరువా మీదే ఉంది.
వీధి మలుపులో ట్రాము తిరిగినప్పుడల్లా
లోపల చిప్పలు కాస్త కదుల్తాయి.